వ్యానులో సీటు బిగించే ముందు కింద దూరి చూడండి

బ్రిటన్‌లో సరకుల వ్యాను కొని, పిల్లలతో తిరగడానికి వెనక సీట్లు పెట్టించుకునే మనవాళ్లకు ఒక మాట. వ్యాను నేల రేకు చాలా పలుచన. మామూలు వాషరు వేసి బిగిస్తే, గట్టిగా గుద్దుకున్నప్పుడు బోల్టు ఆ రేకును చీల్చుకుని పైకి వచ్చేయగలదు. బెల్టు సీటుకే అమర్చి ఉంటే మనిషి బరువు కూడా ఆ బోల్టుల మీదే పడుతుంది! రేకు అడుగున అరచేయంత ఉక్కు పలక వేసి, తలపై 8.8 అని ముద్ర (ఎక్కువ బలమున్న ఉక్కుకు గుర్తు) ఉన్న బోల్టులే వాడండి. సీటు కాళ్ల కింద ప్లైవుడ్ ఉంచకండి, అది నలిగి బిగువు సడలుతుంది. డ్రిల్లు పట్టే ముందు అడుగున డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడున్నాయో కొలిచి, పైన సుద్దతో గీసుకోండి. రంధ్రం అంచుకు రంగు తప్పనిసరి. చలికాలంలో రోడ్లపై చల్లే ఉప్పుకు తుప్పు అక్కడే మొదలవుతుంది. సీట్లు పెంచిన సంగతి బీమా కంపెనీకి ముందే చెప్పండి.