‘<’ గుర్తు తెచ్చిన దొంగ బంగారం

కోలార్ శిలాపట్టీ దక్షిణ కొసన ఉన్న చిగురుకుంట ప్రాంతపు పాత బంగారం అన్వేషణ నివేదికలను తిరుపతిలో మా ఇంట్లోనే స్కాన్ చేసి పట్టికకెక్కించాను. మ్యాపు గీస్తే ఊరి చుట్టూ పొలాలన్నీ బంగారమే! అనుమానం వచ్చి కాగితాలు తిరగేశాను. ‘<5 పీపీబీ’ అంటే వంద కోట్ల పాళ్లలో ఐదు పాళ్లకన్నా తక్కువ, పరీక్షకు అందనంత తక్కువ. స్కాన్‌ను చదివే యంత్రం ‘<’ను 4గా చదివి 45 చేసింది. కొన్నిచోట్ల ఆ గుర్తును మింగేసి ఉత్త 5 మిగిల్చింది.

అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, గుర్తు వేరుగా, అంకె వేరుగా, గుర్తింపు పరిమితి (పరీక్ష పసిగట్టగల కనిష్ఠం), ప్రమాణం (యూనిట్), పేజీ సంఖ్య వేరువేరుగా పెట్టాను. ‘<’ ఉన్న వరుసలన్నీ కంటితోనే సరిచూశాను, నాలుగు రాత్రులు పట్టింది. సున్నా మాత్రం ఎక్కడా వేయలేదు, అదింకో అబద్ధం. టన్నుకు ఇన్ని పెన్నీవెయిట్లు (పాతకాలపు బంగారం తూకం) అని ఉన్నవాటిని పెద్ద టన్ను (2,240 పౌండ్లు) లెక్కన 1.53తో గుణించి మెట్రిక్ టన్నుకు గ్రాములు చేశాను. మళ్లీ గీస్తే పొలాలు పొలాలుగానే కనిపించాయి.