ఫారం నిజంగా సబ్మిట్ అయిందో లేదో టెస్టులో తేల్చుకోవడం ఎలా?

కిందటి ఎండాకాలం కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్ల కోసం వాటర్ ట్యాంకర్ బుక్ చేసుకునే చిన్న సైటు జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) కట్టాను. ఒకరోజు పొద్దున్నే కింది ఫ్లోర్ ఆంటీ ఫోన్ చేశారు. "ఏం బాబూ, నాలుగుసార్లు నొక్కిన, మళ్ల అదే పేజీ వస్తుంది. ట్యాంకర్ వస్తదా, రాదా?" నా ల్యాప్‌టాప్‌లో చూస్తే, సైటును తనిఖీ చేయడానికి నేను రాసుకున్న టెస్టులన్నీ పాస్!

ముందురోజు రాత్రి 'బ్లాక్' అనే ఫీల్డ్‌ను తప్పనిసరి చేసి, దాన్ని పేజీలో పెట్టడం మరిచిపోయాను. టెస్టు పాత వివరాలే పంపింది, సర్వర్ నుంచి 200 (పేజీ సరిగ్గా వచ్చిందనే కోడ్) రాగానే పాస్ అనేసింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. జాంగోలో మామూలుగా ఫారం ఒప్పుకుంటే 302తో వేరే పేజీకి పంపుతాం. తప్పులుంటే అదే పేజీని మళ్లీ చూపిస్తాం, అప్పుడు వచ్చేదే 200. అంటే నేను ఓకే అనుకున్నది ఫెయిల్ అయిన గుర్తు.

ఇప్పుడు నేను ఇలా రాస్తున్నాను.

ముందు టెస్ట్ క్లయింట్‌తో (టెస్టుల్లో బ్రౌజర్ బదులు వాడే జాంగో సాధనం) పేజీని గెట్ చేసి, అంటే తెప్పించి, అందులో ప్రతి ఫీల్డ్ పేరూ ఉందో లేదో చూడండి. చాలామంది ఈ మెట్టు ఎగ్గొడతారు. టెస్ట్ క్లయింట్ బ్రౌజర్ కాదు. మీరిచ్చిన డేటాను నేరుగా వ్యూకి (ఫారాన్ని అందుకుని జవాబిచ్చే కోడ్) అందిస్తుంది, పేజీలో ఆ ఫీల్డ్ ఉందా అని అడగదు. సర్వర్ ఆన్ చేయాల్సిన పని కూడా లేదు.

తర్వాత సరైన వివరాల డిక్షనరీ ఒకటి తయారు చేసి పోస్ట్ చేయండి: పేరు, బ్లాక్, 10 అంకెల మొబైల్, 500072 అనే పిన్‌కోడ్. 302 వచ్చిందా? అక్కడితో ఆగకండి. డేటాబేస్‌లో ఒక్క బుకింగే చేరిందా, బ్లాక్ మీరు పంపినదేనా అని చూడండి. టెస్టులకు విడిగా ఒక డేటాబేస్ తయారవుతుంది, టెస్ట్‌కేస్ క్లాసులో రాస్తే ప్రతి టెస్టు అయ్యాక అందులో చేసిన మార్పులు వెనక్కి పోతాయి కాబట్టి భయం లేదు.

ఇక చెడగొట్టడం. అదే డిక్షనరీ కాపీలో ఒకసారికి ఒక్క ఫీల్డే మార్చండి: పిన్‌కోడ్ 5 అంకెలు, మొబైల్ ఖాళీ, ఇలా. రెండు కలిపి చెడగొడితే ఏది పట్టుబడిందో తెలియదు. ప్రతిసారీ సరైన ఫీల్డ్ మీదే ఎర్రర్ రావాలి, బుకింగ్‌ల లెక్క సున్నా ఉండాలి. బ్రౌజర్ ఆపుతుందిలే అనుకోవద్దు, ఫారం పంపడానికి బ్రౌజరే ఉండాలని లేదు.

మనవాళ్లు తెలుగులోనూ టైప్ చేస్తారు కదా. 'శ్రీలక్ష్మి' కంటికి మూడే అక్షరాలు, పైథాన్ లెక్కలో మాత్రం 11, ఎందుకంటే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. పేరుకు 10 అని హద్దు పెడితే శ్రీలక్ష్మిగారికి నీళ్లు రావు! అలాగే రెగెక్స్‌లో (టెక్స్ట్ ఏ నమూనాలో ఉండాలో చెప్పే రాత) అంకె అని చెప్పడానికి బ్యాక్‌స్లాష్ డీ రాస్తే ౧, ౨, ౩ కూడా అంకెలుగా చెల్లిపోతాయి. ట్యాంకర్ డ్రైవర్ ఆ నంబర్‌కు ఎలా కొడతాడు? నేను 0 నుంచి 9 వరకే అని విడిగా రాసి, ఈ రెండింటికీ టెస్టులు పెట్టాను.

టిక్ చేయని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు, కాబట్టి టెస్టులోనూ ఆ కీ ఉండకూడదు. ఫారం మన సైటు నుంచే వచ్చిందా అని రహస్య టోకెన్‌తో చూసే సీఎస్ఆర్ఎఫ్ తనిఖీని టెస్ట్ క్లయింట్ మామూలుగా వదిలేస్తుంది. అది కావాలంటే క్లయింట్ తయారు చేసేటప్పుడే ఆన్ చేసుకుని, టోకెన్ లేకుండా పంపితే 403 (అనుమతి లేదనే కోడ్) వస్తోందో లేదో చూడండి.

అన్నీ రాశాక టెంప్లేట్‌లోంచి (పేజీ హెచ్‌టీఎంఎల్ ఉండే ఫైలు) బ్లాక్ ఫీల్డ్‌ను కావాలనే తీసేసి ఒకసారి నడపండి. అప్పుడు కూడా పాస్ అంటే, మొదటి మెట్టు మళ్లీ రాయండి.