పైన్ చెట్లను గుర్తుపట్టడం – మూడవ పాఠం: నీలగిరుల్లోని పాటులా పైన్

సరుగుడు ‘సూది’ని లాగితే కణుపు దగ్గర ఊడివస్తుందని, అది నిజానికి ఆకు కాదు, సన్నని రెమ్మ అని గత పాఠంలో చూశాం. పైన్ సూదికి కణుపులుండవు. ఆ తేడా చేతికి అలవాటైతే ఈసారి నీలగిరి, పళని కొండల మీదికి వెళ్లవచ్చు. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే పైన్ జాతి ఒక్కటీ లేదు కనుక, అక్కడ కనిపించే ప్రతి పైన్ చెట్టూ బయటి నుంచి వచ్చినదే. అది ఏ జాతి అన్నదే ఇక మిగిలిన ప్రశ్న. (పర్యాటకులు వీటినే దేవదారు అంటుంటారు, దేవదారు వేరే చెట్టు, పైన్‌కు సంస్కృతంలో ఉన్న పేరు సరళ వృక్షం.)

మెక్సికో నుంచి వచ్చిన పాటులా పైన్‌లో సూదులు ఎక్కువగా మూడేసి చొప్పున ఒక గుత్తిగా ఉంటాయి. అక్కడక్కడా నాలుగు కూడా కనిపిస్తాయి, కాబట్టి ఒక్క గుత్తిని చూసి నిర్ణయానికి రాకుండా కనీసం పది గుత్తులు లెక్కపెట్టండి. ఈ సూదులు 15 నుంచి 25 సెంటీమీటర్ల పొడవుతో, సన్నగా, తడిసిన జుట్టులా కిందికి వేలాడతాయి. రేడియాటా పైన్‌కూ మూడేసి సూదులే గాని అవి పొట్టివి, వేలాడవు. హిమాలయాల చీర్ పైన్‌తోనే చిక్కు, ఎందుకంటే దానివీ మూడేసి పొడవాటి సూదులే.

ఆ చిక్కును కాయలు తీరుస్తాయి. చీర్ కాయ పెద్దది, బరువైనది, దాని పొలుసుల కొనలు వెనక్కి వంగి ఉంటాయి. పాటులా కాయలు 5 నుంచి 10 సెంటీమీటర్లకు మించకుండా, దాదాపు తొడిమ లేకుండా, రెండు మూడు కలిసి కొమ్మను అంటిపెట్టుకొని, మొదలువైపు వంగి, ఏళ్ల తరబడి విచ్చుకోకుండా ఉండిపోతాయి. రేడియాటా కాయలూ అలాగే మూసుకొని ఉంటాయి గాని వాటి అడుగున ఒక పక్క ఉబ్బుగా ఉంటుంది. నేలమీద దొరికిన కాయను మాత్రం నమ్మకండి, అది పక్క చెట్టుదై ఉండవచ్చు.

బెరడు విషయంలో చాలామంది పొరబడేది మొదలును మాత్రమే చూడడం వల్ల. ముదురు చెట్టు మొదట్లో పాటులా బెరడు కూడా మందంగా, నల్లగా పగిలి ఉంటుంది. కాండం పైభాగంలో పల్చటి పొరలుగా లేచే నారింజ రంగు బెరడే దాని ఆనవాలు.

చెట్టును నాటారా, తనంతట తాను మొలిచిందా అన్నది చుట్టూ చూస్తే తెలుస్తుంది. తోటలో చెట్లు వరసల్లో, ఒకే ఎత్తులో ఉంటాయి; గాలికి ఎగిరే రెక్కల విత్తనాల నుంచి పుట్టినవి తోట అంచు దాటి, షోలా అడవుల (ఈ కొండల మడతల్లో పెరిగే పొట్టి సతతహరిత అడవులు) పైనున్న పచ్చికబయళ్లలో, రకరకాల ఎత్తుల్లో చెదురుమదురుగా లేస్తాయి.

సాధన: ఒకే చెట్టుకు సూదుల గుత్తిని స్కేలు పక్కన పెట్టి, కొమ్మకున్న కాయను పక్క నుంచి, కాండాన్ని కిందా పైనా విడివిడిగా ఫొటోలు తీయండి. రాబోయే పాఠంలో వాటితోనే పని.