ఆపరేషన్‌కు ముందు రోగి సమ్మతి ఎలా తీసుకోవాలి?

సమ్మతి పత్రం, పెన్ను, ఒక తెల్ల కాగితం, కూర్చోవడానికి స్టూలు ఉంటే చాలు. స్టూలు తప్పనిసరి, ఎందుకంటే నిలబడి మాట్లాడే డాక్టరును మన శ్రీకాకుళం వైపు ఏ రోగీ ఎదురు ప్రశ్న అడగరు. ముందురోజు సాయంత్రమే కూర్చోవాలి. ట్రాలీపై పడుకోబెట్టి థియేటర్ గుమ్మం దగ్గర పెట్టించిన సంతకాన్ని నేను సమ్మతిగా లెక్కించను.

సంతకం ఎవరిదో ముందుగా తేల్చుకోవాలి. 18 ఏళ్లు నిండి, స్పృహలో ఉండి, విషయం గ్రహించగలిగిన వారు తమ సంతకం తామే చేయాలి. శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లో ఆడవారి ఆపరేషన్‌కు భర్తనో కొడుకునో పిలిచి సంతకం పెట్టించే అలవాటు ఇంకా పోలేదు. పరీక్ష కోసం లాపరోస్కోపీకి (చిన్న రంధ్రం గుండా కెమెరాతో పొట్ట లోపల చూడడానికి) ఒప్పుకున్న స్త్రీ మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి తొలగించడం చెల్లదని 2008లోనే సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణాపాయం ఉండి, అడిగే వ్యవధి లేనప్పటి సంగతి వేరు.

ఇక అందరూ చెడగొట్టే దశ, వివరించడం. జబ్బేమిటి, ఏం చేస్తాం, ఏ ప్రమాదాలు రావచ్చు, వేరే దారి ఉందా, ఆపరేషన్ వద్దనుకుంటే ఏమవుతుంది అనే ఐదు సంగతులూ చెప్పాక, "అర్థమైందా అమ్మా?" అని మాత్రం అడగకండి. "నాకేటి తెలుసు బాబూ, మీరెలాగంటే అలాగే" అనే జవాబే వస్తుంది. అది మర్యాదతో అన్న మాట, దాన్ని సమ్మతిగా రాసుకోకూడదు. దానికి బదులు, "ఇంటికి ఫోన్ చేస్తే రేపు ఏం చేస్తారని చెప్తావు, అమ్మా?" అని అడిగి, ఆమె చెప్పేది మధ్యలో అందుకోకుండా చివరిదాకా వినాలి.

పిత్తాశయంలో రాళ్లున్న వారిని ఇలా అడిగితే, రాళ్లు ఏరేసి సంచిని అక్కడే ఉంచుతారని చాలామంది చెబుతారు. నిజానికి సంచినే తీసేస్తాం. చిన్న రంధ్రాలతో మొదలుపెట్టినా, లోపల కణజాలం అతుక్కుపోయి ఉంటే పొట్ట కోయవలసి రావచ్చు. ఈ రెండు మాటలూ రోగి నోట సరిగా వచ్చేవరకు తెల్ల కాగితంపై బొమ్మ గీసి మళ్లీ చెప్పాలి. ఫోనులో వీడియో చూపిస్తే సరిపోతుందని కొందరంటారు కానీ, రోగి నొసలు ముడిపడిందని గమనించి వీడియో ఆగదు, పెన్ను పట్టుకున్న మనిషి ఆగగలడు. మెళియాపుట్టి వైపు సవర గిరిజనులకు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవారికి వారి భాష తెలిసిన సిబ్బందిని పిలవాలి. వెంట వచ్చిన బడిపిల్లను దుబాసీగా నిలబెట్టకూడదు. వేలిముద్ర వేయించేటప్పుడు సాక్షి ఆపరేషన్ బృందానికి చెందని వ్యక్తి అయి ఉండాలి.

మత్తుకు విడిగా సమ్మతి తీసుకోవాలి, దాన్ని మత్తు డాక్టరే వివరించాలి.

జాగ్రత్తల విషయానికొస్తే, ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. చోడి (రాగి) అంబలిని నీళ్లతో సమానంగా చూసి తెల్లవారుజామున తాగించేస్తారు, కనుక "ఏమీ తినలేదు కదా?" అనకుండా "అంబలి తాగారా?" అని పేరుపెట్టి అడగండి. మెట్టెలు, పుస్తెలతాడు, కట్టుడు పళ్లు తీయించాలి. రక్తం పలచబడే మాత్రలు, పడని మందులు కేస్ షీట్‌పై రాయాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చినవారికి ఆ జబ్బు బయటపడకుండా ఉండవచ్చు, కనుక క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూడకుండా డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు ఇవ్వరాదు. కుడి, ఎడమ తేడా ఉన్న ఆపరేషన్‌కు రోగి మెలకువగా ఉండగానే, ఆ రోగినే అడిగి, చర్మంపై గుర్తు పెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన ఆపరేషన్ భద్రతా తనిఖీ పట్టికను మత్తుకు ముందు, కోతకు ముందు, రోగిని థియేటర్ దాటించే ముందు పైకి చదవాలి. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పాటించాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆపరేషన్ అయ్యాక టిక్కులు పెట్టే పట్టికతో ఆ మేలు జరగదు.

మత్తు ఎక్కేలోగా ఏ క్షణంలోనైనా రోగి వద్దనవచ్చు. అలా అంటే ఎవరూ కసరకుండా ఆ మాటను సమయంతో సహా కేస్ షీట్‌లో రాసి వార్డుకు పంపాలి. సాయంత్రం మళ్లీ స్టూలు వేసుకుని కూర్చోవాలి.