ఎండిన బోరుకి వాన నీళ్లు పట్టించడం ఎలా

పాలారు నది మీద చెక్‌డ్యాం గొడవతో తమిళనాడు 2016లో సుప్రీంకోర్టుకి వెళ్లింది, హంద్రీనీవా కాలువకి నీళ్లిచ్చే కృష్ణాలో వాటాల పంచాయితీ తెలంగాణతో ఇంకా నడుస్తోంది, ఇవన్నీ తేలేదాకా కుప్పం, పలమనేరు వైపు మన బోర్లు ఎండిపోకుండా ఆగవు కదా. మన చేలో పడ్డ వాననైనా ఆపుకుందాం. ఎకరా మీద 1 సెంటీమీటరు వాన అంటే దాదాపు 40 వేల లీటర్లు!

ముందు మోటారు, పైపులు పైకి తీసేయండి. బోరు చుట్టూ 10 అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వి, బయటపడ్డ కేసింగ్‌కి (బోరులో దించిన పెద్ద పైపుకి) కింది భాగంలో సన్న రంధ్రాలు వేసి, వాటి మీద నైలాన్ మెష్ (సన్న వల) రెండు మూడు చుట్లు బిగించి కట్టండి. అడుగున పెద్ద రాళ్లు, తర్వాత కంకర, పైన ఇసుక.

అసలు పని ఇప్పుడుంది. వాన నీళ్లు నేరుగా గుంతలోకి రాకూడదు, ముందు ఇంకో చిన్న గుంతలో ఆగి బురద దిగాలి. మేం మొదటిసారి ఇది వదిలేశాం, ఒక్క వానాకాలానికే ఇసుక పూడిపోయింది, చాలా బాధేసింది. ఏటా పై ఇసుక గీకి మార్చండి. పశువుల కొట్టం నీళ్లు, మందులు కొట్టిన మడి నీళ్లు మాత్రం అస్సలు వదలొద్దు, అవి తాగే నీళ్లలో కలుస్తాయి.

మనకి అక్టోబరు, నవంబరు వానలే గట్టివి, సెప్టెంబరులోపే ముగించండన్నా.