పాత గ్రాండ్ నేషనల్‌కి బ్రేక్ బూస్టర్ మార్చే ముందు ఇవి చూసుకోండి

ఏప్రిల్ వచ్చేసింది, ఇంకో రెండు వానలు గట్టిగా పడితే రోడ్ల మీద ఉప్పు కడుక్కుపోతుంది, ఇక్కడ మిషిగన్‌లో పాత కార్లు ఉన్నవాళ్ళందరం కవర్లు తీసే టైం. ఈ మధ్య మనవాళ్ళలో ఇద్దరు 86, 87 బ్యూక్ గ్రాండ్ నేషనల్ టర్బో కార్లు కొన్నారు. కొన్న రోజు నుంచీ ఫోన్ చేసి అడిగేదంతా టర్బో గురించే, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) ఎంత పెంచొచ్చు, ఇంజిన్ కంప్యూటర్‌కి ఏ చిప్ వెయ్యాలి అని. బ్రేకుల మాట మాత్రం ఒకసారి భయపడ్డాకే వస్తుంది. అందుకే అడక్కముందే రాస్తున్నా, బండి రోడ్డెక్కించక ముందే చదవండి.

నాకైతే ఆ భయం ఒక ఆదివారం పొద్దున పట్టింది. డౌన్‌లో సిగ్నల్, ముందు రెండు కార్లు ఆగి ఉన్నాయి, నేను మామూలుగానే కాలు వేశా, పెడల్ రాయిలా ఉంది, అంగుళం కూడా దిగట్లేదు, డాష్‌లో ఎర్ర లైటు వెలిగింది. సీటుకి వీపు ఆనించి రెండు కాళ్ళతో తొక్కితే ముందు కారు బంపర్‌కి ఒక చెయ్యెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది, ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తల్చుకుంటే చెమట పడుతుంది.

అసలు సంగతేంటంటే ఈ 86, 87 టర్బో కార్లలో మామూలు కార్లకి ఉండే గుండ్రటి వ్యాక్యూమ్ బూస్టర్, అంటే బ్రేక్ తొక్కే కాలికి సాయం చేసేది, ఉండదు. పవర్‌మాస్టర్ అని జీఎం (బ్యూక్‌ల కంపెనీ జనరల్ మోటార్స్) వాళ్ళు ఒక యూనిట్ పెట్టారు, ఫ్లూయిడ్‌ని చక్రాల బ్రేకులకి నెట్టే మాస్టర్ సిలిండర్‌కే ఒక చిన్న కరెంటు మోటారు పంపు, పక్కన బంతిలా ఒక అక్యుమ్యులేటర్, ఒక ప్రెషర్ స్విచ్. మోటారు బ్రేక్ ఫ్లూయిడ్‌నే ఒత్తిడి పెట్టి బంతిలో దాస్తుంది, మీరు కాలు వేస్తే ఆ దాచిన ఒత్తిడి సాయం చేస్తుంది. ప్రెషర్ సుమారు 500 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) పడితే స్విచ్ మోటార్ని ఆన్ చేస్తుంది, 700 దరిదాపుల్లో ఆపేస్తుంది. కొత్తలో బానే పనిచేసింది, కానీ ఇప్పుడు వాటి వయసు 40 దగ్గర పడుతోంది, స్విచ్ పోతుంది, బంతిలో గ్యాస్ పోతుంది, మోటార్ బ్రష్షులు అరిగిపోతాయి, ఏది పోయినా సాయం మొత్తం ఒకేసారి పోవచ్చు, పెడల్ మెల్లగా బరువెక్కుతూ ముందే చెప్తుందని నమ్మకం లేదు.

కాబట్టి ఏదైనా కొనే ముందు మీ దాంట్లో ఏం పోయిందో తేల్చుకోండి. కీ ఆఫ్‌లో పెట్టి పెడల్ కనీసం 10 సార్లు గట్టిగా తొక్కండి, పెడల్ బిగుసుకుపోతుంది, అంటే బంతి ఖాళీ అయినట్టు. అప్పుడే మూత తీసి ఫ్లూయిడ్ లెవెల్ చూడాలి, బంతి నిండి ఉన్నప్పుడు చూస్తే ఫ్లూయిడ్ తక్కువగా కనపడుతుంది, చాలామంది అది చూసి నింపేస్తారు, తర్వాత ఒత్తిడి దిగాక పైకి పొంగి ఫెండర్ మీద కారి పెయింట్ లేచిపోతుంది. లెవెల్ చూశాక కీ ఆన్ చేసి మోటారు శబ్దం వినండి, 20 సెకన్ల లోపు ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే, లేదా అసలు తిరక్కపోతే, లేదా కాలు వెయ్యకుండానే నిమిషానికోసారి తిరుగుతుంటే మీ యూనిట్ పని అయిపోవచ్చిందన్నమాట. మోటారు తిరగకపోతే ముందు ఫ్యూజు, రిలే, గ్రౌండ్ వైరు చూడండి, 10 డాలర్ల రిలే పోయిందని తెలీక మొత్తం సిస్టం పీకేసినవాళ్ళు ఉన్నారు.

సరే, మార్చాలనే నిర్ణయానికొచ్చారు. రెండు దార్లు, వ్యాక్యూమ్ బూస్టర్ లేదా హైడ్రోబూస్ట్. ఇక్కడ మనవాళ్ళు చౌక అని వ్యాక్యూమ్ వైపు వెళ్తారు, తప్పేం లేదు, మామూలుగా తిరిగే కారుకి అది చక్కగా పనిచేస్తుంది, కాకపోతే మీ ఇంజిన్ టర్బో అన్న సంగతి మర్చిపోవద్దు. వ్యాక్యూమ్ బూస్టర్‌లో డయాఫ్రమ్‌కి (రబ్బరు పొర) ఒక పక్క ఇంజిన్ పీల్చిన ఖాళీ, ఇంకో పక్క బయటి గాలి, ఆ తేడానే మీ కాలికి సాయం. ఐడిల్‌లో గేజ్ పెట్టి చూస్తే వ్యాక్యూమ్ 16 నుంచి 18 అంగుళాల (పాదరసం లెక్కలో) దాకా ఉంటే నిశ్చింత. పెద్ద క్యామ్ (ఇంజిన్ వాల్వుల్ని తెరిచే షాఫ్ట్) వేసి 12, 13కి పడిపోయిందంటే ఆ బూస్టర్ మీకు పనికిరాదు, లేదా కరెంటు వ్యాక్యూమ్ పంపు, వ్యాక్యూమ్ దాచే ఒక రిజర్వాయర్ డబ్బా కూడా పెట్టుకోవాలి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. డ్రాగ్ స్ట్రిప్‌లో (తిన్నగా రేసు పెట్టే ట్రాక్) లాంచ్ చేసేటప్పుడు ఎడమ కాలితో బ్రేక్ తొక్కిపెట్టి కుడికాలితో గ్యాస్ ఇస్తాం కదా, టర్బో తిరిగి బూస్ట్ ఎక్కాలని. సరిగ్గా ఆ క్షణంలో ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఉండదు, పైగా ఒత్తిడి ఉంటుంది. బూస్టర్‌లో అప్పటికి దాచుకున్నదే దిక్కు, మధ్యలో పెడల్ వదిలి రెండుసార్లు తొక్కారంటే అదీ అయిపోతుంది, కారు స్టార్ట్ లైట్ పడకముందే ముందుకు పాకుతుంది. ఇంజిన్‌కీ బూస్టర్‌కీ మధ్య గొట్టంలో ఉండే చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) చిన్నదే కానీ ప్రాణమంతా దాంట్లోనే ఉంది, అది లీకైతే బూస్ట్ గాలి వెనక్కి బూస్టర్‌లోకే వెళ్తుంది. కొత్త వాల్వ్ అయినా సరే నోటితో ఊది చూడండి, బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజిన్ వైపు నుంచి ఊదితే అస్సలు పోకూడదు. గొట్టం కూడా వ్యాక్యూమ్‌కి చేసిందే వాడండి, హీటర్ గొట్టం ముక్క కోసి పెడితే వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది. రెండు చివర్లా క్లాంపులు తప్పనిసరి.

స్ట్రిప్‌కి వెళ్ళేవాళ్ళకి నేనైతే హైడ్రోబూస్ట్‌కే ఓటేస్తా. అది పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో పనిచేస్తుంది, ఇంజిన్ పీల్చినా ఊదినా దానికి సంబంధం లేదు, పట్టు బాగా ఎక్కువ. కాకపోతే స్టీరింగూ బ్రేకూ రెండూ ఒకే పంపు మీద బతుకుతాయి, బెల్ట్ తెగితే రెండూ బరువెక్కుతాయి, దాని అక్యుమ్యులేటర్ రెండు మూడు బ్రేకులకే సాయం ఇస్తుంది. పాత పంపు మూలుగుతూ ఉంటే, ముక్కు దగ్గర కారుతూ ఉంటే ముందు పంపు మార్చండి, పాత బెల్టుతో కొత్త హైడ్రోబూస్ట్ అసలు వద్దు.

ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు. కారు జాక్ మీద ఉంచి కిందకి వెళ్ళొద్దు, స్టాండ్లు వెయ్యండి, చక్రాలకి అడ్డుపెట్టండి, ఎందుకంటే బ్రేకులు విప్పిన కారుకి ఆపేదేం ఉండదు. పార్కింగ్ బ్రేక్ కేబుల్ పనిచేస్తోందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి, టెస్ట్ డ్రైవ్ రోజున మీకున్న రెండో దిక్కు అదే. బ్యాటరీ తీసేసి, పెడల్ మళ్ళీ తొక్కి తొక్కి బంతి ఖాళీ చేశాకే ఏ నట్టుకైనా రెంచి పెట్టండి, వందల పీఎస్ఐ ఉన్న ఫ్లూయిడ్ సూదిలా చిమ్ముతుంది, కంట్లో పడితే అంతే, గాగుల్స్ లేకుండా వద్దు. తీసేసిన బంతిని వేడి చెయ్యడం, సుత్తితో కొట్టడం, డ్రిల్లు పెట్టడం లాంటివి చెయ్యొద్దు, లోపల గ్యాస్ ఇంకా ఒత్తిడిలోనే ఉంటుంది. వెనక డ్రమ్ములు విప్పితే ఆ నల్లటి దుమ్ముని కంప్రెసర్‌తో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

మన ఊళ్ళో ఉప్పు సంగతి తెలిసిందే. బూస్టర్ సాయం పెరిగిందంటే లైన్లలో ఒత్తిడి కూడా పెరుగుతుంది, ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చిన తుప్పు పైపు కొత్త బూస్టర్ పెట్టిన మొదటి గట్టి బ్రేక్‌కే పగులుతుంది. వెనక యాక్సిల్ వైపు వెళ్ళే పైపుని క్లిప్పుల దగ్గర వేలితో తడిమి చూడండి, పొరలు పొరలుగా ఊడొస్తుంటే నికెల్ కాపర్ పైపు వేసెయ్యండి, చేత్తోనే వంగుతుంది, తుప్పు పట్టదు. చివర్లు డబుల్ ఫ్లేర్ (కొసని రెండు మడతలుగా విప్పార్చడం) చెయ్యాలి, మధ్యలో కంప్రెషన్ ఫిట్టింగులతో అతుకు వెయ్యొద్దు. నట్లకి మామూలు స్పానర్ కాకుండా లైన్ రెంచి వాడండి, లేకపోతే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ముందు రబ్బరు గొట్టాలు కూడా మీ బండి వయసువే అయితే అవి కూడా మార్చెయ్యండి, ఖర్చు ఎక్కువేం కాదు.

మాస్టర్ సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) ఎక్కువైతే మంచిదనుకుంటారు చాలామంది, అది పొరపాటు. అంగుళం బోర్ నుంచి అంగుళం మీద ఎనిమిదో వంతు పెద్దదానికి వెళ్తే అదే కాలి బలానికి ప్రెషర్ 20 శాతం దాకా తగ్గుతుంది, పెడల్ మాత్రం పైన, గట్టిగా ఉంటుంది కాబట్టి బాగుందనిపిస్తుంది. బూస్టర్‌కీ, చక్రం దగ్గర డిస్క్‌ని నొక్కిపట్టే క్యాలిపర్‌కీ జత కుదిరిన బోరే వెయ్యండి.

ఇక అసలైన చోటు, పుష్‌రాడ్. బూస్టర్ ముందు నుంచి వచ్చే ఆ రాడ్ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కి తగలాలి కానీ కాలు వెయ్యనప్పుడు దాన్ని నొక్కి ఉంచకూడదు, మధ్యలో అర మిల్లీమీటర్ సందు ఉండాలి. కిట్టులో వచ్చింది కదా సరిపోతుందిలే అని బిగించేస్తారు. పోయినేడాది మా తమ్ముడి వరస అబ్బాయి ఒకడు అలాగే చేసి, 15 నిమిషాలు తిప్పేసరికి ముందు చక్రాలు రెండూ పట్టేసి పొగలు, "అన్నా, కారు కదలట్లేదు, గ్యాస్ ఇస్తున్నా కదలట్లేదు" అని ఫోన్. రాడ్ కొంచెం పొడవు, ఫ్లూయిడ్ వెనక్కెళ్ళే సన్నటి రంధ్రం మూసుకుపోయింది, వేడికి ఫ్లూయిడ్ పెరిగి బ్రేకులు వాటంతటవే పడ్డాయి. నేను వెళ్ళి మాస్టర్ సిలిండర్ రెండు నట్లు రెండు చుట్లు వదులు చేస్తే టక్కుమని వదిలేసింది, దాంతో రాడ్ పొడవే అని ఖాయమైంది. నెత్తిన పిడుగు పడ్డట్టే అయింది వాడికి, రోటర్లు (బ్రేక్ డిస్కులు) నీలం రంగు తిరిగాయి.

కొలవడం చాలా తేలిక. పిల్లలు ఆడుకునే మట్టిముద్ద శనగగింజంత తీసుకుని పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి పిస్టన్ గుంటలో పెట్టండి, మాస్టర్ సిలిండర్‌ని నట్లతో మామూలుగా బిగించి, పెడల్ తొక్కకుండా మళ్ళీ విప్పండి. ముద్ద ఎంత మందంగా మిగిలిందో చూడండి, గోరంత మందం ఉంటే సరే. ఏమీ మిగలకుండా పల్చగా నలిగి అవతల పక్క కనపడుతుంటే రాడ్ పొట్టి చెయ్యాలి, లావుగా 2, 3 మిల్లీమీటర్లు ఉంటే కొంచెం పొడవు చెయ్యాలి. ఒకసారి కాదు, మూడుసార్లు చెయ్యండి. పెడల్ వైపు రాడ్ కూడా వంకరగా కాకుండా నిటారుగా పోతోందో లేదో, కాలు తీస్తే బ్రేక్ లైట్లు ఆరుతున్నాయో లేదో చూసుకోండి.

ఫ్లూయిడ్ల విషయంలో ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. హైడ్రోబూస్ట్ పెట్టాక ఒకే చోట రెండు రకాల ద్రవాలు ఉంటాయి, మాస్టర్ సిలిండర్‌లో డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్, పంపులో పవర్ స్టీరింగ్ నూనె. నూనె చుక్క బ్రేకుల్లో పడితే రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బిపోతాయి, ఒక గరాటే రెండిటికీ వాడినా చాలు. అనుమానం ఉంటే రిజర్వాయర్‌లోంచి రెండు చుక్కలు తీసి గ్లాసు నీళ్ళలో వెయ్యండి, బ్రేక్ ఫ్లూయిడ్ అయితే కలిసిపోతుంది, నూనె ఉంటే పైన తేలుతుంది. సిలికాన్‌తో చేసిన డాట్ 5 జోలికి వెళ్ళొద్దు. పాత ఫ్లూయిడ్ నీళ్ళు పీల్చుకుని ఉంటుంది, డాట్ 3 కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, నీరు పట్టిందంటే 140కే మరిగిపోవచ్చు, మొత్తం మార్చెయ్యండి. కొత్త మాస్టర్ సిలిండర్‌ని బల్ల మీదే గాలి తీసి అప్పుడు బిగించండి. హైడ్రోబూస్ట్ అయితే ముందు చక్రాలు లేపి, ఇంజిన్ స్టార్ట్ అవకుండా చేసి కాసేపు క్రాంక్ తిప్పి, తర్వాత స్టార్ట్ చేసి స్టీరింగ్ ఆ చివర్నుంచి ఈ చివరికి నిదానంగా తిప్పుతూ నురగ పోయేదాకా ఓపిక పట్టండి, చివర్లో పట్టుకుని ఉంచొద్దు, పంపు పోతుంది.

పవర్‌మాస్టర్ తీసేశాక దాని మోటార్ వైర్లు వేలాడుతూ వదిలెయ్యొద్దు, ఫ్యూజు తీసి, కొసలు చుట్టి కట్టెయ్యండి. డాష్‌లో ఎర్ర లైటు మాత్రం పనిచెయ్యాల్సిందే, చిరాకు పెడుతోందని బల్బు పీకినవాళ్ళని చూశా, దయచేసి ఆ పని చెయ్యకండి.

రోడ్డెక్కే ముందు ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా తొక్కి, అలాగే నొక్కి పట్టుకుని స్టార్ట్ చెయ్యండి, వ్యాక్యూమ్ అయితే కాలి కింద కొంచెం దిగాలి, హైడ్రోబూస్ట్ అయితే దిగి మళ్ళీ కాలిని కొద్దిగా పైకి తోస్తుంది. దిగకపోతే ఇంట్లోంచి కదలొద్దు. మొదటిసారి ఖాళీ పార్కింగ్‌లో 10 మైళ్ళ వేగంతో, ఒక్కరే, పార్కింగ్ బ్రేక్ పెడల్ మీద ఎడమ కాలు సిద్ధంగా పెట్టుకుని. తర్వాత 30లో. ముందు పొడి రోడ్డు మీద, తర్వాత తడి మీద, ఎందుకంటే సాయం పెరిగాక వెనక డ్రమ్ములు ముందే లాక్ అయితే తోక తిరుగుతుంది, ఆ తేడా తడిలోనే బయటపడుతుంది. టైర్లు 10 ఏళ్ళవైతే ఏ బూస్టరూ దూరం తగ్గించదు, అవి ముందు మార్చండి.

10 నిమిషాలు తిప్పాక ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి వేడి చూడండి, ముందు రెండూ మామూలు కంటే బాగా కాలుతుంటే పుష్‌రాడ్ దగ్గరికి వెనక్కి వెళ్ళండి, ఒక్కటే కాలుతుంటే ఆ చక్రం బ్రేకు చూడండి. మొదటి వారం రాత్రిపూట ఇంజిన్ కింద ఒక తెల్ల అట్టముక్క పరిచి ఉంచండి, పొద్దున లేచి ఏ మూల చుక్క పడిందో, నీళ్ళతో కడిగితే పోయేదో జిడ్డుగా మిగిలేదో చూసి, అప్పుడు కీ తిప్పండి.