ఎడారి కొండ మీదికి కుక్కలతో: తల ప్రాణం తోకకు రాకుండా

కుక్కకు "ఇంక నావల్ల కాదు" అని చెప్పడం రాదు. మీరు ఎక్కుతున్నంతసేపూ అదీ తోక ఊపుకుంటూ ఎక్కుతుంది, ఎక్కి ఎక్కి ఉన్నట్టుండి కూలబడుతుంది. రెండు కుక్కలుంటే ఇంకా తిప్పలు, కుర్రదాన్ని చూసి ముసలిది కూడా పరిగెడుతుంది. అందుకే ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి అనే లెక్కంతా మీరే వేయాలి, అదీ బయల్దేరే ముందే. శిఖరం కళ్లకు కనబడ్డాక మనం వేసే లెక్కలు నమ్మదగ్గవి కావు.

పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని అసలు తీసుకెళ్లొద్దు. కుక్క ఒంట్లో వేడి ముఖ్యంగా రొప్పడం వల్లే బయటికి పోతుంది, చెమట పట్టేది పాదాల అడుగున కాస్తంతే. ఊపిరి దారే ఇరుగ్గా ఉన్నదాన్ని ఎండలో కొండెక్కించడం పాపం. బాగా లావున్నవి, ఎముకలు ఇంకా గట్టిపడని పిల్లలు కూడా వద్దు.

తెల్లవారకముందే, తలకు లైటు కట్టుకుని నడక మొదలెట్టండి. ఎండ ముదిరేసరికి దిగుతూ ఉండటం కాదు, దిగిపోయి ఉండాలి. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 38 సెల్సియస్ దాటితే నగరపాలక సంస్థ కొండ దారుల్లోకి కుక్కల్ని తీసుకురావడమే నిషేధం. నన్నడిగితే ఆ హద్దు కూడా ఎక్కువే, ఎందుకంటే ఫోన్‌లో చూపించేది గాలి వేడి, కుక్క నడిచేది రాయి మీద, దాని పొట్ట కూడా ఆ రాయికి జానెడో మూరెడో పైనే ఉంటుంది. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీరు ఉంచలేకపోతే అది నడవలేదు. పొద్దున చల్లగా తగిలిన రాయే తిరిగొచ్చేటప్పుడు పెనంలా ఉంటుంది, ఈ సంగతి ఎక్కేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఇక నీళ్లు. కుక్కకు ఇంట్లో ఊరికే పడుకున్నా కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి, అంటే 20 కిలోల కుక్కకు లీటరు పైనే. కొండకైతే నేను దానికి రెట్టింపు పట్టుకెళ్తాను, నా నాలుగు లీటర్లు వేరే, తాగడానికి కాకుండా ఒంటి మీద పోయడానికి ఇంకో లీటరు. రెండు కుక్కలకు కలిపి చూస్తే మీ వీపు మీద తొమ్మిది, పది కిలోల నీళ్లే ఉంటాయి. ఈ నడకలో అసలు అలసట అదే, దానికి దగ్గర దారి లేదు. మ్యాపులో ఊట ఉంది కదా అని బరువు తగ్గించుకోవద్దు, ఎడారిలో ఊటలు చాలాసార్లు మ్యాపులోనే ఉంటాయి. పావుగంటకోసారి నాలుగు గుక్కలు పట్టండి. ఒకేసారి గిన్నెడు తాగించి నడిపిస్తే కక్కేస్తాయి. మూడో వంతు నీళ్లు అయిపోతే శిఖరం పది నిమిషాల్లో ఉన్నా సరే వెనక్కి తిరగండి, దిగేటప్పటికి ఎండ ఎక్కువ కాబట్టి దాహమూ ఎక్కువే.

బూట్లు తొడిగేట్టయితే రెండు వారాల ముందు నుంచే ఇంట్లో అలవాటు చేయండి. మొదటి రోజు నడక చూసి మీరు నవ్వాపుకోలేరు. దారిలో గంటకోసారి విప్పి ఇసుక దులపండి, లేకపోతే లోపల బొబ్బలెక్కుతాయి. ఒకటి ఎలాగూ పోతుంది, అదనంగా పెట్టుకోండి. ముళ్లకైతే పళ్లు దూరంగా ఉన్న దువ్వెన, ఒక పటకారు ఉండాల్సిందే. అమెరికా ఎడారుల్లో చోయా అనే జెముడు ఉంటుంది, దాని ముక్క పాదానికి అంటుకుంటే కుక్క నోటితో పీకబోతుంది, అప్పుడు నాలుకకూ గుచ్చుకుంటుంది. ముందు మూతి పట్టుకోండి, తర్వాత దువ్వెనతో ముక్కను ఎగరగొట్టండి.

నడుముకు కట్టుకునే పట్టీ ఎక్కేటప్పుడు హాయిగా ఉంటుంది, కుక్క లాగుతుంటే సగం శ్రమ తగ్గుతుంది. దిగేటప్పుడు మాత్రం విప్పి చేత్తో పట్టుకోండి. ఓసారి బద్ధకించి విప్పలేదు, తొండ కనబడగానే రెండూ ఒకేసారి దూకాయి, గులకరాళ్ల మీద నేను కూర్చున్న భంగిమలోనే పది అడుగులు జారాను. నీడనిచ్చే బండల కింద పాములూ ఉంటాయి, కాబట్టి కుక్కను పంపేముందు మీరు తొంగి చూడండి.

నాలుక వెడల్పై కిందికి వేలాడటం, చొంగ చిక్కబడటం, చిగుళ్లు ఎర్రగా కందిపోవడం, పిలిచినా రాకుండా ప్రతి నీడలోనూ చతికిలబడటం, ఇందులో ఏది కనిపించినా నడక అయిపోయినట్టే. తూలినా, కక్కినా అది వడదెబ్బే అనుకోండి. నీడలోకి చేర్చి పొట్ట, చంకలు, గజ్జలు, పాదాల మీద నీళ్లు పోసి టోపీతో విసరండి. తడి గుడ్డ కప్పి వదిలేయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే మోసుకెళ్లడం. లేచి తిరిగినా సరే డాక్టరుకు చూపించండి, లోపలి అవయవాల దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది. మోయడానికి గుడ్డ జోలె ఒకటి సంచిలో పడేయండి, 20 కిలోల కుక్కను చేతుల మీద ఎంత దూరం మోయగలరో ఇంటి మెట్ల మీద ఒకసారి ప్రయత్నిస్తే మీకే తెలుస్తుంది.

తిరిగొచ్చాక వేళ్ల సందులన్నీ వెతకండి, రొప్పు పూర్తిగా తగ్గాకే అన్నం పెట్టండి. మర్నాడు మీకూ వాటికీ కాళ్లు పట్టేస్తాయి. నొప్పి మాత్ర మీరు మాత్రమే వేసుకోండి, ఐబుప్రొఫెన్ కుక్కలకు విషం.